పార్కు కింద మట్టిని ఎవరు చూడాలి?

పల్నాడులో ఒక మున్సిపాలిటీ. ఊరి నడుమ నాలుగెకరాల ఖాళీ జాగాలో పార్కు కట్టాలని కౌన్సిల్ తీర్మానించింది. చుట్టూ ప్రహరీ, నడవడానికి ట్రాక్, పిల్లల ఆటస్థలం, టాయిలెట్లు, చిన్న నీళ్ళ ట్యాంకు, రెండు హైమాస్ట్ దీపాలు. అంచనా విలువ రెండు కోట్లు. వచ్చే సమావేశం అజెండాలో చివరికెక్కడో ఒక అంశం ఉంది: పార్కు పనికి మట్టి పరీక్షలు, నాణ్యత తనిఖీ చేసే సంస్థను కాంట్రాక్టరుతో సంబంధం లేకుండా మున్సిపాలిటీయే విడిగా కుదుర్చుకోవాలి. ఇలాంటి అంశాలు సాధారణంగా ఎవరూ చదవకుండానే ఆమోదం పొందుతాయి, లేదా చదవకుండానే వాయిదా పడతాయి. ఈసారి ఆ వార్డు కౌన్సిలరు చదివాడు. చదివి అడ్డం తిరిగాడు.

ఆయన రాజకీయాల్లోకి రాకముందు చాలాకాలం మున్సిపల్ కాంట్రాక్టులు చేశాడు. ఆయన మేనకోడలు ఇంజనీరింగ్ కాలేజీలో జియోటెక్నికల్ పాఠాలు చెబుతుంది. ఇద్దరూ వాదనలో వెనక్కి తగ్గే రకం కాదు. నేనిక్కడ మధ్యవర్తిని కాను, మేనకోడలి వైపే నా మొగ్గు. అయితే మామ అడిగిన వాటికి జవాబు చెప్పకుండా ఆ అంశాన్ని ఆమోదిస్తే అదీ మరో ఫైలుగానే మిగిలిపోతుంది. అందుకే ఆయన మాటల్లో పదును ఎక్కడా తగ్గించకుండా రాస్తున్నాను.

మామ: ఏమ్మా, అజెండా చూశావుగా. పార్కుకి మట్టి పరీక్షట! ఏం కడుతున్నాం అక్కడ, పదంతస్తుల మేడా? చుట్టూ గోడ, మధ్యలో గడ్డి, నాలుగు జారుడుబల్లలు. దానికి బోర్లు వేయించి, మట్టి ల్యాబుకి పంపించి, పైగా పని జరిగినన్నాళ్ళూ చూడ్డానికి ఒక మనిషి. నాలుగైదు లక్షలు పోతాయి. ఆ డబ్బు పెడితే పిల్లలకి ఇంకో రెండు ఉయ్యాలలు వస్తాయి.

మేనకోడలు: మేడ అయితే నాకింత భయం ఉండేది కాదు మామయ్యా. మేడకి బరువుంటుంది. కింద మట్టి ఉబ్బుదామన్నా పైన బరువు దాన్ని చాలావరకు అణిచిపెడుతుంది. నల్లరేగడిలో ముందు దెబ్బతినేవి తేలిక కట్టడాలే. ప్రహరీ గోడ, ఒక్క అంతస్తు టాయిలెట్ గది, నడిచే ట్రాక్, టైల్స్ పరిచిన నేల. నువ్వు చెప్పిన పార్కంతా అవే కదా.

మామ: నల్లరేగడి నాకు కొత్తా? పుట్టి పెరిగిందే దాన్లో. ఎండాకాలం బీటల్లోకి చెయ్యి దూరుతుంది, వాన పడితే కాలికి చెప్పు మిగలదు. అయినా ఈ ఊళ్ళో ఇళ్ళన్నీ దాని మీదే లేచాయి. ఐదారడుగులు తవ్వి, ఇసక పోసి, నీళ్ళు కొట్టి, పైన బెడ్డు వేస్తే చాలు. ఏ మేస్త్రీనడిగినా చెప్తాడు.

మేనకోడలు: ఇంటికీ పార్కుకీ ఒక తేడా ఉంది. ఇంటి పునాది పక్కన నీళ్ళు నిలవకుండా చూసుకుంటాం. పార్కుకి రోజూ మనమే నీళ్ళు పెడతాం. ప్రహరీకి లోపలి వైపు లాన్, మొక్కలు. పొద్దునా సాయంత్రం పైపులతో తడుపుతారు. బయటి వైపు సిమెంటు రోడ్డు, ఎండకి కాలుతూ ఉంటుంది. ఒకే గోడ కింద లోపలి మట్టి తాగి ఉబ్బుతుంది, బయటి మట్టి ఎండి ముడుచుకుంటుంది. గోడ రోడ్డు వైపు ఒరుగుతుంది. ఆ రోడ్డు మీదే పిల్లలు బడికి వెళ్తారు. ఇక నువ్వు చెప్పిన ఇసక. ఇసక నీళ్ళని ఆపదు, దించేస్తుంది. పునాది గుంతనిండా ఇసక పోస్తే లాన్‌కి పెట్టిన నీళ్ళన్నీ అక్కడికి చేరి కింద రేగడికి అందుతాయి. మట్టి ఎంత ఉబ్బే రకమో తెలియకుండా ఇసక పొయ్యమనడం మంచి సలహా కాదు.

మామ: ఎంత ఉబ్బుతుందో ముందే ఎలా తెలుస్తుంది? ఒక వానాకాలం చూడాల్సిందేగా.

మేనకోడలు: ఒక్క రోజు చాలు. మట్టిని ఆరబెట్టి, పొడి చేసి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టాలి. అందులోంచి పది గ్రాముల చొప్పున రెండు పాళ్ళు తూచి, గీతలున్న రెండు గాజు జాడీల్లో వేయాలి. ఒక జాడీలో డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో కిరోసిన్ నూరు మిల్లీలీటర్ల గీత దాకా పోసి, గాలి బుడగలు పోయేలా కలిపి, ఇరవై నాలుగు గంటలు కదపకుండా ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ళలో ఉబ్బుతుంది. మర్నాడు కిరోసిన్ జాడీలో మట్టి పది గీతల దగ్గర ఆగి, నీళ్ళ జాడీలో పంతొమ్మిది గీతల దాకా లేచిందనుకో, ఆ తేడా తొంభై శాతం. మన భారతీయ ప్రమాణాల్లో 2720వ నంబరు, నలభయ్యో భాగం ఈ పరీక్షే. హైవేలు వేసేవాళ్ళ స్పెసిఫికేషన్‌లో ఈ అంకె యాభై శాతం దాటిన మట్టిని ఫిల్లింగ్‌కి వాడనివ్వరు.

మామ: ఇదా పరీక్ష! రెండు జాడీలు, గ్లాసుడు కిరోసిన్. దీనికి సంస్థలెందుకు, టెండర్లెందుకు? మీ కాలేజీలో సామానంతా ఉందిగా. నువ్వే చేసిపెట్టు, రూపాయి ఖర్చుండదు.

మేనకోడలు: నేను చెయ్యను.

మామ: ఎందుకని?

మేనకోడలు: నీ మేనకోడల్ని కాబట్టి. రిపోర్టులో మట్టి బాగుందని వస్తే, మామ పని తొందరగా అవ్వాలని రాసిందంటారు. బాగాలేదని వస్తే, అంచనా పెంచడానికి రాయించాడంటారు. అంకె నిజమే అయినా దాని మీద ఎవరికీ నమ్మకం ఉండదు. కాంట్రాక్టరు తెచ్చిన రిపోర్టుకీ ఇదే చిక్కు.

(ఆమె ఇంత సూటిగా కాదనడం మామకి నచ్చలేదు. కానీ నాకు ఈ వాదనంతటికీ ఆయువుపట్టు ఇక్కడే కనిపించింది. పరీక్ష తేలికా కష్టమా, చవకా ఖరీదా అన్నది తర్వాతి మాట. పరీక్షించేవాడికి జీతం ఎవరిస్తున్నారన్నదే ముందు తేలాలి.)

మామ: సరే, కాంట్రాక్టరు సంగతికొద్దాం. పరీక్షల ఖర్చు రేట్లలోనే కలిసి ఉంటుంది. సిమెంటు, స్టీలు, కాంక్రీటు క్యూబులు అన్నీ వాడే పరీక్ష చేయించి రిపోర్టులు పెడతాడు. ఏఈ చూస్తాడు, డీఈ చూస్తాడు, క్వాలిటీ కంట్రోల్ వాళ్ళు వస్తారు. ఇంతమంది ఉండగా మళ్ళీ మన డబ్బుతో ఇంకో సంస్థా? ఒకే పనికి రెండుసార్లు కట్టడం కాదా?

మేనకోడలు: నువ్వు కాంట్రాక్టులు చేసినవాడివి. క్యూబుల సంగతి నేను నీకు చెప్పాలా?

మామ: ...క్యూబుల కోసం పోసే మాలులో సిమెంటు ఒక తట్ట ఎక్కువ పడుతుంది. అందరికీ తెలిసిందే. పదిహేను సెంటీమీటర్ల డబ్బాలో పోసింది ఒకటి, స్లాబులో పోసింది ఒకటి.

మేనకోడలు: మరి ఆ క్యూబు ఇరవై ఎనిమిది రోజుల తర్వాత ల్యాబులో ఎంత బలం చూపించినా, అది స్లాబు గురించి ఏం చెప్పినట్టు? ల్యాబు అబద్ధం ఆడలేదు. మిషన్ అబద్ధం ఆడలేదు. నమూనా దగ్గరే పని అయిపోయింది. అందుకే ల్యాబుని కుదుర్చుకోవడం ఒక్కటే చాలదు, నమూనా తీసే మనిషి కూడా మన మనిషే కావాలి. అజెండాలో 'పరీక్షలు' పక్కన 'తనిఖీ' అన్న మాట అందుకే పెట్టారు. దాన్ని తీసేసి పరీక్షలు మాత్రమే ఉంచితే సగం డబ్బు దండగ.

మామ: ఇప్పుడు నా అసలు అనుమానం విను. కాంట్రాక్టరు కొన్న ల్యాబు అబద్ధం చెప్తుంది, మున్సిపాలిటీ కుదుర్చుకున్న ల్యాబు నిజం చెప్తుంది అంటావు. నేను చూసింది వేరు. బోరు వేయకుండానే బోరు రిపోర్టు రావడం చూశాను. పక్క ఊరి సైటు రిపోర్టుకి పేరూ తేదీ మార్చి పంపిస్తారు. టెండరు పిలుస్తాం, అందరికంటే తక్కువ కోట్ చేసినవాడు వస్తాడు. అంత తక్కువకి ఎవడైనా నిజంగా బోరు వేస్తాడా? పోనీ ఎక్కువ కోట్ చేసినవాడికి ఇద్దామంటే ఆడిట్ వాళ్ళు మా మెడ మీద కూర్చుంటారు.

మేనకోడలు: ఈ మాటకి నేను నీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అసలు మట్టి పరీక్షలో మోసం చేయక్కర్లేదు, బద్ధకించినా చాలు. బోరులో ఎస్‌పీటీ పరీక్ష ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశావా?

మామ: మూడు కాళ్ళ స్టాండు, తాడు, పైనుంచి సుత్తి. చూశాను.

మేనకోడలు: ఆ సుత్తి బరువు 63.5 కిలోలు. అది సరిగ్గా 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి స్వేచ్ఛగా పడాలి. కింద గొట్టం 45 సెంటీమీటర్లు దిగే దాకా కొడతారు. మొదటి పదిహేనుకి పడ్డ దెబ్బలు వదిలేసి, తర్వాతి ముప్ఫైకి ఎన్ని పడ్డాయో లెక్క రాస్తారు. ఆ దెబ్బల లెక్కనే 'ఎన్' విలువ అంటారు. పునాది ఎంత బరువు మోస్తుందో తేల్చడంలో దాని పాత్ర పెద్దది. మధ్యాహ్నం ఎండలో తాడు లాగి లాగి కూలీలు అలిసిపోయారనుకో. సుత్తి 75 బదులు 55 దాకానే లేస్తుంది. దెబ్బకి బలం తగ్గింది కాబట్టి గొట్టం దిగడానికి ఎక్కువ దెబ్బలు పడతాయి. అంకె పెరుగుతుంది. మెత్తటి మట్టి కాగితం మీద గట్టి మట్టి అయిపోతుంది. ఎవరూ లంచం తీసుకోలేదు, ఎవరూ దొంగ రిపోర్టు రాయలేదు. తాడు పక్కన నిలబడి ఎత్తు చూసే ఇంజనీరు లేడు, అంతే. తక్కువ కోట్ చేసినవాడు ముందుగా తగ్గించుకునేది ఆ ఇంజనీరు జీతాన్నే.

మామ: అదే నేనూ అంటున్నా. టెండరు పద్ధతిలో పనికొచ్చేవాణ్ణి తేలేం. అలాంటప్పుడు ఈ ఖర్చే వద్దు.

మేనకోడలు: టెండరు పద్ధతి ఒక్కటే అని ఎవరన్నారు? ఇటుకలు కొనేటప్పుడు ధర చూడాలి, సరే. ఇది మనిషి తెలివినీ నిజాయితీనీ కొనడం. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ పనులకి 1972 నుంచి ఒక చట్టం ఉంది. ఇంజనీరింగ్ సేవలకి ముందు అర్హతను బట్టి సంస్థని ఎంచుకుంటారు, ఆ తర్వాతే ఫీజు మాట్లాడుకుంటారు. మన కేంద్రం 2017లో తెచ్చిన ఆర్థిక నియమాల్లో కూడా కన్సల్టెన్సీ సేవలకి నాణ్యతకీ ధరకీ విడివిడిగా మార్కులు వేసి కలిపే పద్ధతి ఉంది. నాణ్యతకి ఎనభై శాతం దాకా ఇవ్వొచ్చు.

మామ: అవి ఢిల్లీ నియమాలు. మన ఆడిటరుకి రాష్ట్రం జీవోలు కావాలి. మార్కులు వేయడం మొదలుపెడితే రేపు పేపర్లో 'కౌన్సిలరు మనిషికి పది మార్కులు ఎక్కువ' అని వస్తుంది. వద్దమ్మా, నాకా తలనొప్పి వద్దు.

మేనకోడలు: అయితే రెండో దారి తీసుకో. అదీ ఆ నియమాల్లోనే ఉంది. రెండు కవర్లు తీసుకుంటారు. మొదటి కవరులో అర్హత. ఒక గీత పెట్టి, ఆ గీత దాటనివాళ్ళ ధర కవరు తెరవనే తెరవకూడదు. దాటినవాళ్ళలో తక్కువ ధర ఎవరిదో వాళ్ళకే పని. అప్పుడు ఎల్‌1కే ఇచ్చినట్టవుతుంది, ఆడిటరుకి చెప్పడానికి ఇబ్బంది ఉండదు. కష్టమంతా గీత ఎక్కడ గీయాలన్నదే.

మామ: ఎక్కడ గీస్తావు?

మేనకోడలు: ల్యాబుకి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా అని అందరూ అడుగుతారు. ఉందంటారు, సర్టిఫికెట్ జిరాక్స్ పెడతారు. అక్కడ ఆగకూడదు. ఆ గుర్తింపు ల్యాబు మొత్తానికి ఇచ్చే కితాబు కాదు, ఏయే పరీక్షలకో జాబితా ఉంటుంది. సిమెంటుకీ ఇటుకలకీ గుర్తింపు ఉండి, మట్టికి లేని ల్యాబులుంటాయి. మనకి కావలసిన ప్రతి పరీక్షా ఆ జాబితాలో ఉందో లేదో ఒక్కొక్కటే టిక్కు పెట్టి చూడాలి. గుర్తింపు గడువు ఎప్పటిదాకానో చూడాలి. తర్వాత, సైటులో నిలబడే ఇంజనీరు ఎవరో పేరుతో సహా ఇవ్వమనాలి. ఆ మనిషి ఇప్పుడు ఇంకెన్ని సైట్లు చూస్తున్నాడో రాసివ్వమనాలి. ఇదే కాంట్రాక్టరు దగ్గర గత రెండేళ్ళలో పని తీసుకుని ఉంటే ఆ సంస్థని పక్కన పెట్టాలి. చుట్టుపక్కల యూనివర్సిటీల సివిల్ డిపార్ట్‌మెంట్లు కూడా ఫీజు తీసుకుని ఈ పరీక్షలు చేస్తాయి. వాళ్ళనీ పిలవాలి.

మామ: మీ కాలేజీని కూడానా?

మేనకోడలు: మా కాలేజీ వద్దు. ఆ మాట ఇందాకే అయిపోయింది.

(ఇక్కడ మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన చెప్పింది అజెండాలో లేదు, ఫైల్లో లేదు, మున్సిపల్ ఇంజనీరు అంచనాలోనూ లేదు.)

మామ: నీకొక సంగతి తెలుసో లేదో. ఆ నాలుగెకరాల్లో ఉత్తరం వైపు సగానికి పైగా ఒకప్పుడు పెద్ద గుంత. నా చిన్నతనంలో ఊరంతా ఇళ్ళు మెరక చేసుకోవడానికి మట్టి అక్కణ్ణుంచే తవ్వుకుపోయింది. రెండు నిలువుల లోతుండేది. తర్వాత మున్సిపాలిటీ ట్రాక్టర్లు చెత్తంతా తెచ్చి అందులోనే పోశాయి. పడగొట్టిన ఇళ్ళ మట్టీ పెంకులూ పోశారు. పైన రెండడుగులు ఎర్రమట్టి పరిచి చదును చేశారు. ఇప్పుడు చూస్తే క్రికెట్ ఆడుకునే గ్రౌండులా ఉంటుంది. రోడ్డు వైపు మూలన లారీ షెడ్లుండేవి. బ్యాటరీలు విప్పి రిపేరు చేసేవాళ్ళు.

మేనకోడలు: ఇంత సంగతి కడుపులో పెట్టుకుని పరీక్షలు వద్దంటావేంటి మామయ్యా! నేలను పరిశోధించే ప్రమాణం 1892వ నంబరులో బోరు వేసే ముందు చేయమన్న మొదటి పని ఇదే. ఆ చోటు చరిత్ర తెలుసుకోవాలి, పాత గుంతలూ పూడికలూ ఉన్నాయేమో ఊళ్ళో వాళ్ళని అడగాలి. ఏ ల్యాబు వచ్చినా మొదటి రోజు నిన్ను కూచోబెట్టి గంటసేపు అడగాలి. అడక్కుండా స్థలం నాలుగు మూలలా నాలుగు బోర్లు వేసిపోతే, నాలుగూ గట్టి నేలలోనే పడొచ్చు. గుంత మధ్యలో ఉన్న చెత్త ఒక్క బోరుకీ తగలదు.

మామ: గుంత మీద ఏముంది ప్లానులో?

మేనకోడలు: ఒక హైమాస్ట్. పిల్లల ఆటస్థలంలో సగం. హైమాస్ట్ సంగతి చూడు. సప్లయర్ స్తంభంతో పాటు పునాది డ్రాయింగు కూడా తయారుగా తెస్తాడు. దాని మూలన చిన్న అక్షరాల్లో, నేల చదరపు మీటరుకి పది టన్నులు మోస్తుందనుకుని వేశాం అని రాసి ఉంటుంది. అది వాళ్ళు అనుకున్నది. మన నేలని చూసి రాసింది కాదు. ఆ గీతని ఎవరూ చదవరు. కుళ్ళిన చెత్త, పెంకుల మీద నిలబెట్టిన స్తంభానికి తుపాను గాలి తగిలితే, ఆ పది టన్నులన్న మాటకి ఎవరు పూచీ?

మామ: మరి ఏం చెయ్యమంటావు, పార్కే వద్దా?

మేనకోడలు: వద్దని ఎందుకంటాను? హైమాస్ట్‌ని గుంత దాటించి గట్టి నేల మీదకి జరిపితే చాలు. ప్లానులో గీత జరపడానికి ఖర్చేముంది? గుంత మీద లాన్ పెట్టు, చెట్లు పెట్టు. ప్రహరీకి, టాయిలెట్లకి మట్టి ఉబ్బే గుణాన్ని బట్టి ఆలోచించొచ్చు. ఉబ్బు ఎక్కువైతే రూర్కీ పరిశోధన సంస్థ వాళ్ళు రేగడి కోసమే తయారుచేసిన అండర్‌రీమ్డ్ పైల్స్ ఉన్నాయి. కింద గడ్డలా వెడల్పయ్యే చిన్న పైల్స్. రుతువుల్ని బట్టి తడీ పొడీ మారే పొరని దాటి, మూడున్నర మీటర్ల లోతుకి వెళ్ళి పట్టుకుంటాయి. ఉబ్బు తక్కువైతే అంత ఖర్చు అక్కర్లేదు, పునాది కింద ఉబ్బని గ్రావెల్ మట్టి పొరలు వేసి దిమ్మిస చేయించి సరిపెట్టుకోవచ్చు. పరీక్ష లేకపోతే రెండు రకాలుగా నష్టపోతాం. అవసరం ఉన్నచోట చెయ్యం, అవసరం లేనిచోట భయానికి ఎక్కువ పోస్తాం. నీ నాలుగైదు లక్షలు అక్కడే తిరిగి రావచ్చు.

మామ: బ్యాటరీల మూల?

మేనకోడలు: నన్ను అన్నిటికంటే భయపెట్టేది అదే. పాత బ్యాటరీల్లో సీసం ఉంటుంది. మట్టిలో పడితే ఎక్కడికీ పోదు, పై పొరలోనే ఉండిపోతుంది. చిన్నపిల్లలు మట్టిలో ఆడతారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. హైదరాబాద్‌లో కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం లాంటి లోహాలు ఉండాల్సిన దానికంటే ఎక్కువున్నాయని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పరిశీలించి ప్రచురించారు. మన మూల అంత పెద్దది కాకపోవచ్చు. కానీ ఉయ్యాలలు వేసేది ఆ పక్కనే. అమెరికాలో పిల్లలు ఆడే నేలలో సీసం కిలోకి 400 మిల్లీగ్రాములు దాటకూడదని 2001లో పెట్టారు. 2024లో ఇళ్ళుండే చోట్ల పరిశీలన స్థాయిని 200కి దించారు. మన నేలలో ఎంతుందో కొలవకుండా ఉయ్యాల ఎలా వేస్తాం?

మామ: (చాలాసేపటికి) ఆ షెడ్లలో పనిచేసిన కుర్రాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎక్కడ కూచుని విప్పేవాళ్ళో చూపిస్తారు. మట్టి అక్కడే తీయించాలి.

మేనకోడలు: అవును. పై నుంచి జానెడు లోతు లోపలే తీయాలి. పునాది బోరు మట్టిలో సీసం వెతికితే దొరకదు. పెద్ద సంస్థలు కూడా ఇక్కడ పొరబడతాయి. 'సాయిల్ టెస్ట్' అని ఒక్కమాట రాస్తే పునాది పరీక్ష చేసి వెళ్ళిపోతారు. మనకి కావలసినవి మూడు రకాలు. నేల బలం, ఉబ్బు ఒకటి. విషలోహాలు రెండోది. మొక్కలకి పనికొస్తుందా అన్నది మూడోది. ఈ మూడోది చవకే. రైతులకి 2015 నుంచి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులో పన్నెండు అంశాలు చూస్తారు. అందులో ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం చూసుకున్నా మనకి సరిపోతుంది. పెంకులూ సున్నం పడ్డ పూడిక మీద పెట్టిన మొక్కలకి ఆకులు పసుపు పచ్చబారిపోతే నర్సరీవాణ్ణి తిట్టి లాభం లేదు.

మామ: నమూనా తీశారు, ల్యాబుకి పంపారు. దారిలో మారిపోదని ఏంటి నమ్మకం?

మేనకోడలు: బోరులోంచి కదపకుండా తీసిన మట్టి స్టీలు గొట్టంలో వస్తుంది. రెండు చివర్లూ వెంటనే మైనంతో మూయాలి. మీద బోరు నంబరు, లోతు, తేదీ రాయాలి. అవి సైటులో ఎండలో వారం పడి ఉంటే లోపలి తేమ పోయి, మట్టి గట్టిదన్నట్టు ఫలితం వస్తుంది. కాబట్టి ఎన్ని రోజుల్లో ల్యాబుకి చేరాలో ఒప్పందంలోనే రాయాలి. ప్రతి నమూనాలో సగం మన మున్సిపల్ ఆఫీసులో సీలు వేసి ఉంచాలి. ఎవరికి అనుమానం వచ్చినా ఇంకో ల్యాబులో చూపించుకోవచ్చు. సమాచార హక్కు చట్టం 2005లో పనులు చూసే హక్కూ, వాడిన సరుకు నమూనాలు తీసుకునే హక్కూ జనానికి రాసిపెట్టే ఉన్నాయి. రిపోర్టుల్ని పార్కు గేటు దగ్గర బోర్డు మీద పెట్టించు మామయ్యా. తనిఖీ చేసేవాణ్ణి ఎవడు తనిఖీ చేస్తాడన్నదేగా నీ అనుమానం. వాకింగ్‌కి వచ్చే రిటైర్డ్ ఇంజనీర్లు మన ఊళ్ళో తక్కువా?

మామ: వాళ్ళకి బోర్డొకటి దొరికితే నన్ను రోజూ ఆపుతారు.

మేనకోడలు: ఆపనీ.

మామ: సరే, పని మొదలయ్యాక ఈ తనిఖీ మనిషి ఏం చేస్తాడు? చేతులు కట్టుకుని నిలబడతాడా?

మేనకోడలు: ట్రాక్ కింద ఫిల్లింగ్ వేసేటప్పుడు చూడు. పొర ఒకటి పరిచి, తగినంత నీళ్ళు కలిపి, రోలర్ తిప్పి, ఆ పొర పరీక్షలో గట్టిపడ్డాకే పై పొర వెయ్యాలి. మామూలుగా ఏం జరుగుతుంది? మీటరు మట్టి ఒకేసారి గుమ్మరించి, రోలర్ పై పొర మీదే తిరుగుతుంది. పై జానెడు గట్టిగా ఉంటుంది, కింద వదులుగా ఉంటుంది. మొదటి వానాకాలానికి ట్రాక్ కుంగుతుంది. పరీక్ష కష్టమేం కాదు. పొరలో చిన్న గుంత తవ్వి, వచ్చిన మట్టిని తూస్తారు. ముందే కొలిచి పెట్టుకున్న ఇసకని ఆ గుంతలోకి వదిలి, ఎంత పట్టిందో చూసి గుంత పరిమాణం లెక్కేస్తారు. దాన్నిబట్టి సాంద్రత తెలుస్తుంది. ల్యాబులో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో తొంభై అయిదు శాతం ఉండాలని ఒప్పందంలో రాసుకుంటాం. రాకపోతే మళ్ళీ దున్ని రోల్ చెయ్యాలి. మళ్ళీ చేసే పరీక్ష ఖర్చు కాంట్రాక్టరుదే. మొదటి పరీక్ష ఖర్చు మాత్రం ఎప్పుడూ మనదే. పాసైనా ఫెయిలైనా ల్యాబుకి అదే డబ్బు రావాలి.

మామ: రాకపోతే పని ఆపుతాడా?

మేనకోడలు: ఆపాలి.

మామ: అదిగో, అక్కడే నాకు కుదరదు. ఇంతసేపూ నువ్వు చెప్పినవి చాలావరకు ఒప్పుకున్నాను. బోర్లు వేయిద్దాం, సీసం చూపిద్దాం, రెండు కవర్లు పెడదాం, బోర్డు కూడా పెడదాం. కానీ ఊరి పనిని ఎక్కణ్ణుంచో వచ్చిన ఉద్యోగి ఆపేస్తే నేను జనానికి ఏం చెప్పుకోను? వానాకాలం ముంచుకొస్తుంటే వాడు సెలవులో ఉన్నాడని రోలర్ నాలుగు రోజులు నిలబెట్టాలా? కూలీలకి ఆ నాలుగు రోజుల డబ్బులు ఎవడిస్తాడు? నేను కాంట్రాక్టరుగా ఉన్నప్పుడు ఇలాంటి సంతకాల కోసం వారాల తరబడి కూర్చున్నాను. ఆ సంతకానికే రేటు కట్టేవాళ్ళు. ఆపే అధికారం ఇచ్చావంటే అమ్ముకునే అధికారం ఇచ్చినట్టే.

(ఇది మామ వేసిన వాటిలో అన్నిటికంటే గట్టి ప్రశ్న. తనిఖీ గురించి రాసేవాళ్ళు ఈ ప్రశ్న దాటేసి వెళ్ళిపోతారు. నిజాయితీ గల చిన్న కాంట్రాక్టర్లు ఆ సంతకాల దగ్గరే చితికిపోయిన మాట అబద్ధం కాదు.)

మేనకోడలు: పని మొత్తం ఆపే అధికారం వద్దు. మూడు చోట్ల మాత్రం ముందుకు పోకూడదు. పునాది గుంత తవ్వాక, కాంక్రీటు పోసే ముందు, అడుగున మట్టి చూడాలి. ఫిల్లింగ్‌లో ప్రతి పొరకీ పరీక్ష రావాలి. హైమాస్ట్ కాంక్రీటుకి ముందు ఒకసారి చూడాలి. ఇవి ఒకసారి కప్పేస్తే మళ్ళీ చూడలేం. మిగతావన్నీ జరుగుతూనే ఉంటాయి, లోపాలుంటే తర్వాత సరిచేయించొచ్చు.

మామ: గడువు పెట్టు. కబురు పంపిన ఇరవై నాలుగు గంటల్లో రాకపోతే ఏఈ తనే చూసి, ఫోటోలు తీసి, ముందుకు పోవచ్చు. ఆలస్యానికి ఆ సంస్థ ఫీజులో కోత.

మేనకోడలు: అది న్యాయం. రాస్తాను. వచ్చి, ఫెయిలని రాస్తే?

మామ: ఏఈకి కాదనే హక్కుండాలి. అతను మన ఉద్యోగి, బాధ్యత అతనిది.

మేనకోడలు: ఉండనీ. కాకపోతే ఎందుకు కాదంటున్నాడో కారణం రాసి, కింద సంతకం పెట్టి, ఆ కాగితం కూడా బోర్డు మీద పెట్టాలి.

మామ: రాతపూర్వకంగా అంటే ఏ ఏఈ రాస్తాడు? ఎవడూ రాయడు.

మేనకోడలు: రాయకపోతే ఆ పొర మళ్ళీ రోల్ చేస్తారు.

మామ: ఆ ఒక్క ముక్క తీసెయ్యి, మిగతాదంతా మంగళవారం సమావేశంలో నేను దాటిస్తాను. అది ఉంటే మా వాళ్ళే చేతులెత్తరు.

మేనకోడలు: అది తీసేస్తే మిగతావి ఉన్నా లేనట్టే మామయ్యా. ఫెయిలన్న కాగితం ఫైల్లో ఉంటుంది, పై పొర పడిపోతుంది.

మామ: మంగళవారానికి ఇంకా టైముంది. రేపు పొద్దున్నే సైటు దగ్గరికి రా. గుంత ఎక్కణ్ణుంచి ఎక్కడికో ముగ్గు పోయిస్తా, షెడ్ల కుర్రాళ్ళని పిలిపిస్తా. బోర్లు ఎక్కడెక్కడో నువ్వు గుర్తు పెట్టు. మున్సిపల్ ఇంజనీరునీ రమ్మంటాను. ఆ ముక్క సంగతి ఆయన ముందే మాట్లాడదాం.